అన్నదమ్ములు విడిపోయారు, డొమైన్ పేరు కలిసే ఉంది

"బోర్డు మార్చా. లెటర్‌హెడ్లు మార్చా. జీఎస్టీ నంబరు కొత్తది తెచ్చుకున్నా. ఇది మటుకు రోజూ పొద్దున్నే నా ముందుకొచ్చి కూచుంటంది. దీన్ని తీసెయ్ ముందు."

చీమకుర్తిలో ఒక గ్రానైటు ఫ్యాక్టరీ ఆఫీసు గది. 2022 నవంబరు. గోడ అవతల గ్యాంగ్‌సా బ్లాకును కోస్తున్న మోత, గది నిండా తడిసిన రాతి వాసన. చిన్న సారు తన కంప్యూటర్ తెర మీదికి వేలు చూపిస్తున్నాడు. పాస్‌వర్డ్ కొట్టే పెట్టె కింద సన్నటి అక్షరాల్లో ఒక పేరుంది. ఆరు నెలల కిందటే పంపకాల్లో అన్నగారి వాటాకి వెళ్లిపోయిన పేరు అది.

నేను నీళ్లు నమిలాను. ఆ పేరు అక్కడ పెట్టింది నేనే.

ఒంగోలులో ఉంటూ చుట్టుపక్కల కంపెనీల సర్వర్లు చూసుకోవడం నా పని. ఏడాదికింత అని మాట్లాడుకుంటాం, ఏదైనా ఆగిపోతే బండేసుకుని వెళ్తాను. 2011లో ఈ అన్నదమ్ముల ఆఫీసుకి మొదటి సర్వర్ పెట్టింది కూడా నేనే. ఆఫీసు కంప్యూటర్లనీ, వాటిల్లోకి వెళ్లే మనుషుల్నీ ఒక గుంపుగా కట్టి చూసుకునే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్ యాక్టివ్ డైరెక్టరీ. అది ఎక్కిస్తుంటే ఆ గుంపుకి, అంటే డొమైన్‌కి, పేరేమిటని ఒక గడి అడుగుతుంది. కంపెనీ పేరు కొట్టాను. కంపెనీ పేరంటే అన్నదమ్ములిద్దరి పేర్ల మొదటి అక్షరాలు కలిపి పెట్టుకున్నది. చివర చుక్క పెట్టి 'లోకల్' అని తగిలించాను. అప్పట్లో అందరం అట్లాగే చేసేవాళ్లం. ఆ గడి నింపడానికి పది సెకన్లు పట్టింది. పెద్ద సారు నా వెనకాలే నిలబడి, "ఇద్దరి అక్షరాలూ వచ్చినాయా?" అని అడిగి మరీ చూసుకున్నాడు.

ఆ పది సెకన్ల పనిని వెనక్కి తీసుకోవడానికి నాకు మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలల్లో నాకు గట్టిగా ఏర్పడిన అభిప్రాయం ఒకటుంది, అది చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. కంపెనీ లోపలి డొమైన్‌కి యజమాని పేరు గానీ, కంపెనీ పేరు గానీ పెట్టకండి. పెట్టేశారా, ఎవరైనా వచ్చి మార్చమంటే 'కుదరదు' అని మొహం మీద తలుపెయ్యకండి. అడిగిన మనిషికి నిజంగా ఏం కావాలో ముందు కనుక్కోండి. ఈ రెండింట్లో మొదటిదానికి చాలామంది ఒప్పుకుంటారు. రెండో దాని దగ్గరే నా తోటి వృత్తివాళ్లతో పేచీ.

డొమైన్ అంటే తెలియనివాళ్లకి మా ఊరి లెక్కలో చెప్తాను. మాది కందుకూరు దగ్గర పల్లె. మా తాత కొన్న రెండెకరాల దస్తావేజు ఇప్పటికీ ట్రంకు పెట్టెలో ఉంది. అందులో 'నెల్లూరు జిల్లా, కందుకూరు తాలూకా' అని ఉంటుంది. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా పుట్టినప్పుడు మా తాలూకాని అందులో కలిపారు. 1972లో ఆ జిల్లాకి టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. దాంతో మా నాన్న కాగితాలన్నిటి మీదా ప్రకాశం జిల్లా. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మళ్లీ విడగొట్టినప్పుడు కందుకూరు నెల్లూరులో పడింది. తాత దస్తావేజు అప్పుడు యాభై రెండేళ్ల తరవాత మళ్లీ కరెక్టయి కూర్చుంది! ఇన్ని మార్పుల్లోనూ పొలం గజం కదల్లేదు. సర్వే నంబరు అదే. నాన్న ఏపీ 27 మోటార్ సైకిల్ తెల్లారేసరికి నెల్లూరు జిల్లాలో ఉన్నానని తెలిసి స్టార్టవ్వడం మానెయ్యలేదు.

డొమైన్‌కీ ఇలాంటి సర్వే నంబరు ఒకటుంటుంది. ఎస్‌ఐడీ అంటారు. డొమైన్ పుట్టినప్పుడే పడే పొడుగాటి అంకె అది. అందులో చేరే ప్రతి మనిషికీ, ప్రతి కంప్యూటర్‌కీ ఆ అంకె చివర మరో తోక తగిలించి ఇస్తారు. ఎకౌంట్స్ ఫోల్డర్ ఎవరు తెరవచ్చు, క్వారీ రిపోర్టులు ఎవరు చూడకూడదు అన్న హక్కులన్నీ రాసి ఉండేది ఆ అంకెల మీదే. మనుషులకి కనిపించే పేరు పైన అతికించిన చీటీ లాంటిది. చీటీ మారిస్తే హక్కులు మారవు.

ఆ చీటీ మీద కూడా రెండు పేర్లుంటాయి. చుక్కలతో రాసే పొడుగు పేరు ఒకటి, డీఎన్ఎస్ పేరంటారు. పొట్టి పేరు ఒకటి, నెట్‌బయాస్ పేరంటారు. పొట్టి దానికి 15 అక్షరాలకు మించి పట్టవు. 2008లో నెల్లూరు జిల్లాకి శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా అని పేరు పెట్టారు కదా, ఇంగ్లీషులో కలిపి రాస్తే జిల్లా అన్న మాట లేకుండానే 24 అక్షరాలు. ప్రభుత్వ ఫారాల్లో అంతా రాస్తారు, బస్టాండులో కండక్టరు మాత్రం 'నెల్లూరు, నెల్లూరు' అనే అరుస్తాడు. డొమైన్లోనూ అంతే. జనం నోట్లో, తెర మీద, ప్రింటర్ సెట్టింగుల్లో ఉండేది పొట్టి పేరు. చిన్న సారుని రోజూ పొద్దున్నే గుచ్చింది కూడా అదే.

ఇక 'కుదరదు' సంగతి.

మా వృత్తిలో రోజుకి పదిసార్లయినా నోట్లోంచి వచ్చే మాట అది. డొమైన్ పేరు మార్చడం విషయంలో దానికి ఒకప్పుడు గట్టి ఆధారమే ఉంది. విండోస్ 2000తో యాక్టివ్ డైరెక్టరీ వచ్చినప్పుడు పెట్టిన పేరు పెట్టినట్టే ఉండాలి. విండోస్ సర్వర్ 2003తో మైక్రోసాఫ్ట్ వాళ్లే 'రెండమ్' అనే పనిముట్టు ఇచ్చారు. ఫారెస్ట్ అంటే ఒక కంపెనీ డొమైన్లన్నీ కలిసిన అడవి. అది నడిచే స్థాయి, అంటే ఫారెస్ట్ ఫంక్షనల్ లెవెల్, 2003 గానీ ఆ పైన గానీ ఉంటే పేరు మార్చుకోవచ్చు. అంటే రెండు దశాబ్దాలుగా కుదురుతూనే ఉంది. అయినా మావాళ్లలో ఎక్కువమంది ఆ పనిముట్టుని తెరిచి చూడరు. పాత సామెతల్లాగా పాత భయాలు కూడా నోటి నుంచి నోటికి పాకుతాయి.

నిజంగా కుదరని చోటు ఒకటుంది. ఎక్స్చేంజ్ మెయిల్ సర్వర్ సొంతంగా పెట్టుకున్న కంపెనీలు. ఎక్స్చేంజ్ 2003కి ఏదో దారి ఉండేది. 2007 నుంచి వచ్చినవాటిలో దేనితోనూ డొమైన్ పేరు మార్చడానికి మైక్రోసాఫ్ట్ ఒప్పుకోదు. మారిస్తే ఆ తరవాత మీ తిప్పలు మీవి. అక్కడ నేనూ కుదరదనే అంటాను, తల కొట్టుకుని మరీ అంటాను.

అది లేని చోట పెద్దమనుషులు చెప్పే సలహా ఇంకొకటి ఉంది: పేరు మార్చకు, పక్కన కొత్త డొమైన్ కట్టి అందరినీ అందులోకి తరలించు. వినడానికి శుభ్రంగా ఉంటుంది. పాత ఇల్లు బాగుచేయడం కన్నా కొత్త ఇల్లు కట్టడం నయమన్నట్టు. కానీ కొత్త డొమైన్ అంటే కొత్త సర్వే నంబరు. ప్రతి మనిషికీ కొత్త అంకె. పాత ఫోల్డర్ల మీద రాసిన హక్కులు ఎవరికీ చెల్లవు. తరలించే పనిముట్టు వాడి పాత అంకెని కొత్త ఎకౌంటుకి చరిత్రలాగా తగిలించొచ్చు, నిజమే. వేలమంది ఉన్న సంస్థకి ఆ శ్రమ గిట్టుబాటవుతుంది. 62 కంప్యూటర్లున్న గ్రానైటు ఫ్యాక్టరీలో ఆ పని చేసేది ఎవరు? నేనూ, నా దగ్గర పనిచేసే పిల్లోడూ. చేత్తో ఒక్కో కంప్యూటర్నీ పాత డొమైన్ నుంచి తీసి కొత్తదాంట్లో కలిపితే, పొద్దున్నే ఎకౌంటెంటు వచ్చి కూర్చునేసరికి ఆయన డెస్క్‌టాప్ ఖాళీ. ఐకాన్లు లేవు, వాల్‌పేపర్ మీద వెంకటేశ్వరస్వామి లేడు. అన్నీ పాత ప్రొఫైల్‌లో భద్రంగా ఉన్నాయని నేనెంత చెప్పినా ఆయన లెక్కలో అవి పోయినట్టే.

పేరు మాత్రం మారిస్తే ఇవేవీ కదలవు. అంకె అదే, పాస్‌వర్డ్ అదే, డెస్క్‌టాప్ అదే, స్వామి అక్కడే. అందుకే నా తీర్పు: వంద లోపు కంప్యూటర్లు, సొంత మెయిల్ సర్వర్ లేదు, కంప్యూటర్ల గుర్తింపుకి లోపలి సర్టిఫికెట్లు ఇచ్చే సర్వర్ లేదు అంటే, కొత్త డొమైన్ కట్టడం కన్నా ఉన్నదాని పేరు మార్చడమే నయం. ఈ మాట అన్నందుకు ఒక మిత్రుడు నాతో వారం రోజులు సరిగ్గా మాట్లాడలేదు.

అయితే రెండింటికన్నా నయమైన మూడో దారి ఉంది. చాలాసార్లు అదే సరిపోతుంది. దానికి నెల్లూరు కథ చెప్పాలి.

నెల్లూరు వైపు రొయ్యల మేత వ్యాపారం చేసే ఒకాయన ఉన్నాడు. న్యూమరాలజీ చూసేవాళ్లెవరో కంపెనీ పేరులో ఇంకో 'ఏ' కలిపితే కలిసొస్తుందన్నారు. బోర్డు మీద కలిపాడు, మేత బస్తాల మీద కలిపాడు, కారు వెనక కలిపాడు. కంప్యూటర్లో కూడా కలపమని నన్ను పిలిచాడు. వాళ్లకి ఎక్స్చేంజ్ ఉంది. నేను నవ్వుకుంటూ బయల్దేరాను, దారి పొడుగునా 'కుదరదు సార్' అని ఎట్లా చెప్పాలో పాఠం వల్లించుకుంటూ. అక్కడికెళ్లాక ఎందుకో అడిగాను, "ఎక్కడ కనపడాలి సార్ ఆ అక్షరం?" అని. ఆయన కాసేపు ఆలోచించి, "నేను లోపలికి పోయేటప్పుడు కొట్టే పేర్లోనయ్యా. బయటోళ్లకి పోయే మెయిల్లో. ఇంకేడుందో నాకెందుకు" అన్నాడు.

అంతే. యాక్టివ్ డైరెక్టరీలో యూపీఎన్ సఫిక్స్ అని ఒకటుంటుంది. అసలు డొమైన్ పేరు ఏదైనా కానీ, మనుషులు లోపలికి వెళ్లేటప్పుడు ఎట్ గుర్తు తరవాత కొట్టే పేరుని వేరేగా ఇచ్చుకోవచ్చు. కొత్త స్పెల్లింగుతో సఫిక్స్ చేర్చి, మనుషులందరికీ అది తగిలించి, మెయిల్ చిరునామాలు మార్చి, మధ్యాహ్నం నెల్లూరు చేపల పులుసుతో భోంచేసి తిరుగు ట్రైనెక్కాను. లోపల పాత డొమైన్ పాత స్పెల్లింగుతోనే బతుకుతోంది. అదృష్టానికి ఆ సంగతి తెలిసినట్టు లేదు.

ఆ రోజు నుంచి ఎవరు పేరు మార్చమన్నా మొదట అడిగే ప్రశ్న అదే: ఎవరి కంట్లో పడాలి, ఎవరి కంట్లో పడకూడదు?

చిన్న సారునీ అదే అడిగాను. యూపీఎన్ సఫిక్స్ సంగతి చెప్పాను. ఆయన డ్రాయర్లోంచి పంపకాల ఒప్పందం జిరాక్సు తీసి నా ముందు పెట్టాడు. పాత పేరు అన్నగారిది. తమ్ముడు దాన్ని ఏ వ్యవహారంలోనూ, ఏ రూపంలోనూ వాడకూడదు. 'ఏ రూపంలోనూ' కింద వకీలు గారు ఎర్ర పెన్నుతో గీత గీశారు. కంప్యూటర్ లోపలి డొమైన్ పేరుని వాడకం కింద కోర్టు లెక్క కడుతుందా లేదా నేనెట్లా చెప్తాను? ఆయన మొహం చూస్తే మాత్రం విషయం కోర్టుది కాదనిపించింది. పన్నెండేళ్ళు ఒకే క్యాబిన్లో ఎదురెదురుగా కూర్చున్న మనుషులు వాళ్లు. సరే మారుద్దామన్నాను.

ఏ పేరు పెట్టాలి? ఆయన కొత్త కంపెనీ పేరు రాసిచ్చాడు. అందులో వాళ్లమ్మాయి పేరుంది. నేను చేతులెత్తి దణ్ణం పెట్టాను. "సార్, మీ అమ్మాయికి పెళ్లవుద్ది. అల్లుడుగారు వ్యాపారంలోకొస్తారు. ఇంకో పదేళ్లకి నాకు ఓపిక ఉండదు." చివరికి గుండ్లకమ్మ అని పెట్టాను. నల్లమలలో పుట్టి మన జిల్లా అంతా తిరిగి సముద్రంలో కలిసే ఏరు. ఇంగ్లీషులో 11 అక్షరాలు, 15లో హాయిగా పడుతుంది. ఏరుని ఎవరూ పంచుకోలేరు కదా అన్నాను. "రైతులు నీళ్ల కోసం కొట్టుకుంటున్నారుగా" అన్నాడాయన. దానికి నా దగ్గర జవాబు లేదు, పేరు మాత్రం నిలిచింది.

ఈసారి 'లోకల్' తోక పెట్టలేదు. ఎవరూ వాడని ఒక డొమైన్ని డబ్బు కట్టి సొంతంగా రిజిస్టర్ చేయించి, దాని కింద లోపలి పేరు పెట్టాను. 2013లోనే 'లోకల్' అన్న తోకని మల్టీకాస్ట్ డీఎన్ఎస్ కోసం, అంటే సర్వర్ లేకుండానే పక్కపక్క పరికరాలు ఒకదాన్నొకటి పేరుతో వెతుక్కునే పద్ధతి కోసం, కేటాయించారు. 2015 నవంబరు 1 తరవాత చెల్లేలా అట్లాంటి లోపలి పేర్లకి బయటి సంస్థలు సర్టిఫికెట్ ఇవ్వడం ఆగిపోయింది. 2011లో నాకవి తెలిసే వీల్లేదు. తెలియనప్పుడు ఎవరిదో కాని తోకని తగిలించకూడదన్న ఇంగితం మాత్రం ఉండాల్సింది. 2024లో ఇంటర్నెట్ పేర్ల వ్యవహారం చూసే ఐకాన్ సంస్థ 'ఇంటర్నల్' అన్న తోకని ఇలాంటి లోపలి వాడకానికే విడిగా అట్టేపెట్టింది. పుణ్యం కట్టుకున్నారు, కాకపోతే ఇరవయ్యేళ్లు ఆలస్యంగా.

ముహూర్తం సంక్రాంతి సెలవులు. పాలిషింగ్ లైన్లు ఆగుతాయి, కూలీలు ఊళ్లకెళ్తారు. పండగ పూట ఇంట్లో తిట్లు తిని, భోగి రోజు సాయంత్రం కర్నూలు రోడ్డెక్కాను.

పని వరస చెప్పడం తేలిక. కొత్త పేరుకి డీఎన్ఎస్ జోన్, అంటే ఏ పేరుకి ఏ చిరునామానో చెప్పే పట్టీ, ముందే సిద్ధం చేసుకోవాలి. డొమైన్ లెక్కలన్నీ దాచుకునే సర్వర్ని డొమైన్ కంట్రోలర్ అంటారు. అది కాని ఒక సర్వర్ మీద కూర్చుని రెండమ్‌ని నడపాలి. 'లిస్ట్' అంటే ఇప్పటి పేర్లన్నీ ఒక ఫైల్లో రాసిస్తుంది. అందులో పాత పేరున్న చోటల్లా కొత్తది రాసి 'అప్‌లోడ్' చెయ్యాలి. అక్కడి నుంచి ఫారెస్ట్ గడ్డకట్టుకుపోతుంది, కొత్త డొమైన్లు చేర్చడం లాంటివి చేయనివ్వదు. తరవాత 'ప్రిపేర్'. ఇక్కడ ప్రతి డొమైన్ కంట్రోలర్‌నీ పలకరించి, 'సిద్ధమేనా' అని అడుగుతుంది. ఒక్కటి పలక్కపోయినా ముందుకి పోనివ్వదు.

మాకున్నవి రెండు. ఒంగోలు ఆఫీసులో ఒకటి, చీమకుర్తి ఫ్యాక్టరీలో ఒకటి. మధ్యలో రేడియో లింకు. చీమకుర్తి దుమ్ము సంగతి తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు, చెట్ల ఆకులే బూడిద రంగులో ఉంటాయి. ఆ రాత్రి లింకు మూడుసార్లు పోయింది. మా పిల్లోడు టార్చి నోట కరుచుకుని మేడ మీదకెక్కి డిష్ తుడిచాడు. రాత్రి పన్నెండు దాటాక రెండూ సిద్ధమన్నాయి. 'ఎగ్జిక్యూట్' కొట్టాను. రెండు డొమైన్ కంట్రోలర్లూ వాటంతటవే రీస్టార్ట్ అయ్యాయి. ఆ నాలుగు నిమిషాలూ ఇద్దరం మాట్లాడుకోలేదు. పక్క ఊళ్లో ఎవరో మైకులో పాటలు పెట్టారు.

లేచాయి. గుండ్లకమ్మ అని చూపించాయి.

అక్కడితో అయిపోలేదు. కలిసి ఉన్న ప్రతి కంప్యూటర్నీ రెండుసార్లు రీస్టార్ట్ చెయ్యాలి. ఒకసారి చేస్తే కొత్త పేరు తెలుసుకుంటుంది, రెండోసారికి అంతటా పాకుతుంది. మా పిల్లోడు దీనికి 'రెండమ్ అంటే రెండు' అని సూత్రం కట్టాడు, కంప్యూటర్ల చుట్టూ అదే పాడుకుంటూ తిరిగాడు. గ్రూప్ పాలసీల్లో, అంటే కంప్యూటర్లన్నిటికీ ఒకేసారి పెట్టే నియమాల్లో, పాత దారులు సరిచెయ్యడానికి జీపీఫిక్సప్ అని వేరే పనిముట్టుంది. ఇంకో చిత్రం, డొమైన్ పేరు మారినా డొమైన్ కంట్రోలర్లు తమ పొడుగు పేరు చివర పాత తోకనే పట్టుకుని వేలాడతాయి. వాటిని నెట్‌డామ్ అనే ఇంకో పనిముట్టుతో విడిగా మార్చాలి. ఇంటిపేరు మార్చుకోవడానికి అందరికన్నా ఆఖరున ఒప్పుకునేది ఇంటి పెద్దలే.

పండగయ్యాక అందరూ వచ్చారు. లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ టాలీ తెరుచుకుంది. చిన్న కంపెనీల్లో టాలీ తెరుచుకుంటే సగం ప్రపంచం సవ్యంగా ఉన్నట్టే. ఎందుకు తెరుచుకుందంటే, టాలీ డేటా దారిలో సర్వర్ పొట్టి పేరు మాత్రమే రాసి ఉంది, డొమైన్ పేరు లేదు. నేను తెలివిగా చేసింది కాదు. పెట్టిన రోజు బద్ధకించి పొట్టిగా కొట్టాను, అంతే.

మిగతా చోట్ల అంత అదృష్టం లేదు. స్కాన్ చేసి ఫోల్డర్‌కి పంపే జిరాక్స్ మిషన్ మొదటి గంటలోనే చేతులెత్తేసింది. దాని మెనూలో పాత డొమైన్ పేరుతో యూజర్ని ఎప్పుడో చేత్తో కొట్టాం. బ్యాకప్ తీసే పెట్టె కూడా అంతే, దాన్ని మళ్లీ డొమైన్లో కలపాల్సొచ్చింది. ఎగుమతుల గుమాస్తా ఎక్సెల్ ఫైళ్లు ఒకదాన్నొకటి పొడుగు దారులతో పట్టుకుని ఉన్నాయి. షిప్‌మెంటు పట్టీ తెరిస్తే ప్రతి గడిలోనూ తప్పే. ఆవిడ నన్నేమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ బాధ.

పూర్తిగా నా తప్పొకటుంది. పది రోజులయ్యాక అంతా సర్దుకుందనుకుని 'క్లీన్' కొట్టేశాను. పాత పేరు నుంచి కొత్తదానికి దారి చూపే గుర్తుల్ని అది తుడిచేస్తుంది. మార్కెటింగ్ అబ్బాయి లాప్‌టాప్ ఆ పది రోజులూ పొదిలిలో వాళ్లింట్లో బీరువా మీద ఉంది. కాలు విరిగి సెలవులో ఉన్నాడు. అతనొచ్చి తెరిచేసరికి ఆ లాప్‌టాప్‌కి తనెవరి ఇంటి బిడ్డో తెలియదు. డొమైన్ నుంచి తీసి మళ్లీ కలిపాను. అరగంట పనే. కానీ హాజరు పట్టీ చూసి 62 పేర్లకీ టిక్కు పెట్టుకుని ఉంటే ఆ అరగంట కూడా ఉండేది కాదు. ఆ పట్టీలో 61 టిక్కులే ఉన్నాయని అప్పుడు చూసుకున్నాను.

అసలు దెబ్బ ఫిబ్రవరి చివర్లో. పాత డీఎన్ఎస్ జోన్ ఇంకెందుకని తీసేశాను. మర్నాడు పొద్దున ఏడింటికి ఫోను. కాటా ఆగిపోయింది. వేబ్రిడ్జి గదిలోని కంప్యూటర్ సర్వర్లో డేటా వెతికేది పాత పొడుగు పేరుతో. ఇన్నాళ్లూ పాత జోన్‌లో ఆ చిరునామా మిగిలి ఉంది కాబట్టి నడిచింది, నేను తుడిచేసరికి ఆగింది. గెలాక్సీ గ్రానైటు బ్లాకులెక్కిన లారీలు నాలుగు గేటు దగ్గర వరసలో ఉన్నాయి. తూకం చీటీ లేనిదే కదలవు. డ్రైవర్లు నా గురించి ఏమనుకున్నారో నేను వెళ్లేసరికే వినపడింది. ఆ సాఫ్ట్‌వేర్ రాసిచ్చినాయన ఎప్పుడో హైదరాబాద్ వెళ్లిపోయాడు. సెట్టింగు ఫైలు ఎక్కడుందో వెతుక్కుని, ఒక్క లైను మార్చడానికి గంటన్నర పట్టింది.

నేను చూసింది ఇదే. రెండమ్ తన పని తాను చేసింది, నాలుగు నిమిషాల్లో. డైరెక్టరీకి తెలిసిన చోటల్లా పేరు మార్చింది. మిగిలిన మూడు నెలలూ నేను తిరిగింది డైరెక్టరీకి తెలియని చోట్ల: మనిషి చేత్తో ఆ పేరు రాసుకున్న చోట్ల. జిరాక్స్ మెనూలో, ఎక్సెల్ గడిలో, కాటా గదిలో, గుమాస్తా నోటుపుస్తకంలో. అందుకే ఎవరైనా పేరు మార్చాలనుకుంటే పనిముట్టు చదవడం రెండోది. మొదట ఒక నెల ముందు నుంచి చేతిరాతల్ని ఏరుకోండి. ప్రతి బల్ల దగ్గరికీ వెళ్లి, "ఈ పేరు నువ్వెక్కడైనా కొట్టావా?" అని అడగండి. లేదంటారు. మళ్లీ అడగండి.

ఇదంతా పాత గోల, ఇప్పుడందరూ క్లౌడ్‌కి పోతున్నారు కదా అంటాడు మా పిల్లోడు. పోతున్నారు, నేనే పంపిస్తున్నాను. అక్కడ ఎకౌంటు తెరిచినప్పుడు మొట్టమొదట ఒక పేరు అడుగుతుంది, చివర మైక్రోసాఫ్ట్ వాళ్ల తోకతో. తరవాత మీరెన్ని సొంత డొమైన్లు చేర్చుకున్నా ఆ తొలి పేరుని తీసెయ్యలేరు. పది సెకన్ల గడి అక్కడా ఉంది. అక్కడైతే రెండమ్ కూడా లేదు. ఈ మధ్య ఒక కొత్త కంపెనీకి ఆ గడి నింపాల్సొస్తే, పాలేరు అని కొట్టబోయాను. ఎవరో తీసేసుకున్నారట. ఏరు పేరు పెట్టాలన్న ఆలోచన నా ఒక్కడికే రాలేదన్నమాట.

ఇంకో మాట మిగిలింది. మార్చి నెలలో చిన్న సారు ఫోన్ చేసి, "నువ్వంతా మార్చేశానన్నావు, మరి ఇదేంది?" అన్నాడు. వెళ్లాను. ఆయన తన కంప్యూటర్లో సీ డ్రైవ్ తెరిచి, యూజర్స్ ఫోల్డర్లోకి వెళ్లి కూర్చున్నాడు. యజమానులు అక్కడిదాకా ఎందుకెళ్తారో నాకర్థం కాదు. అక్కడ ఆయన పేరు, చుక్క, ఆ తరవాత పాత డొమైన్ పొట్టి పేరు.

2011లో ఆయన కంప్యూటర్లో అప్పటికే అదే పేరుతో మామూలు యూజర్ ఉంటే, డొమైన్లో కలిపినప్పుడు విండోస్ తేడా తెలియడానికి డొమైన్ పేరు తోకగా పెట్టి ఇంకో ఫోల్డర్ కట్టింది. ప్రొఫైల్ వెతికేది అంకె పట్టుకుని కాబట్టి, డొమైన్ పేరు మారినా ఫోల్డర్ పేరు అట్లాగే ఉండిపోయింది. మార్చొచ్చు, రిజిస్ట్రీలో, అంటే విండోస్ లోపలి సెట్టింగుల్లో, వేలు పెట్టాలి, ఆయన మెయిల్ ఫైలు దారులు, షార్ట్‌కట్లు మళ్లీ చూసుకోవాలి. సాయంత్రానికి అయిపోద్దన్నాను.

ఆయన మౌస్ మీద చెయ్యి అట్లాగే ఉంచి కొంచెంసేపు ఆ ఫోల్డర్ పేరుని చూశాడు.

"ఇది ఎవరికన్నా కనపడిద్దా?"

"మీకు తప్ప ఎవరికీ కనపడదు సార్."

"అయితే వదిలెయ్," అని తెర మీది కిటికీ మూసేసి, కాటా చీటీల కట్ట ముందుకి లాక్కున్నాడు.